నోటుబుక్కు చూడని గణితబోధన

పాఠం సరదాగా లేకపోవడం వల్లే పిల్లలకు లెక్కలు రావడం లేదన్న మాట కోలారు జిల్లాలో ఇప్పుడు ఎవరి నోట విన్నా ఒకటే. బంగారుపేటైనా, రాబర్ట్‌సన్‌పేటైనా, ముళబాగిలైనా, బడికి స్మార్ట్ బోర్డు ఇచ్చే దాతా, రిబ్బను కత్తిరించే నాయకుడూ చెప్పేది అదే: ఇక లెక్కలంటే భయం ఉండదు, పిల్లలు ఆటలా నేర్చేసుకుంటారు. ఈ మాట తప్పు. ఉత్త తప్పే కాదు, పిల్లలకు హాని చేసే తప్పు. లెక్క రాని పిల్లవాడికి కరువైంది సరదా కాదు, వాడు ఎక్కడ ఆగిపోయాడో కనిపెట్టే మనిషి.

భిన్నాల పాఠం తీసుకుంటే సంగతి తేలిపోతుంది. అయిదో తరగతి పిల్లవాడు 1/2కు 1/3 కలిపి 2/5 అని రాస్తాడు. అది పరధ్యానం వల్ల వచ్చిన తప్పు కాదు. పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కలపాలని వాడు గట్టిగా నమ్మాడు. ఇదే లెక్క స్మార్ట్ బోర్డు మీద వస్తే నాలుగు జవాబులు కనిపిస్తాయి. మొదటిది నొక్కితే ఎర్ర గీత. రెండోది నొక్కితే మళ్ళీ ఎర్ర గీత. మూడోది నొక్కేసరికి చప్పట్లు, తెర నిండా నక్షత్రాలు, క్లాసంతా కేరింతలు. 5/6 ఎలా వచ్చిందో పిల్లవాడికి తెలియలేదు. వాడికి తెలియలేదన్న సంగతి టీచరుకు తెలియలేదు. నోటుబుక్కులో ఆ 2/5 కంటబడి ఉంటే టీచరు ఒక్క ప్రశ్న వేసేవారు: సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ ఎలా అయింది? పిల్లవాడు ఆగిపోయేది, ఆలోచించడం మొదలుపెట్టేది అక్కడే. ఆ తర్వాత ఒక కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు, అడ్డంగా మూడు భాగాలు వచ్చేలా మడిచి విప్పితే ఆరు గళ్ళు కనిపిస్తాయి. సగం అంటే మూడు గళ్ళు, మూడోవంతు అంటే రెండు. కలిపితే ఆరింటిలో అయిదు. పాత కాగితం, పది నిమిషాల ఓపిక చాలు.

కాగితం మడతలతో గణితం చెప్పడంలో పేరున్న వి.ఎస్.ఎస్. శాస్త్రి కోలారు మనిషే. గణితవేత్త సుజాతా రామదొరైతో కలిసి ఆయన రూపుదిద్దిన రామానుజన్ మ్యాథ్ పార్కు 2017లో కుప్పం దగ్గర గుడివంకలో, అగస్త్య ఫౌండేషన్ ఆవరణలో మొదలైంది. కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌కు అది పొరుగూరు కిందే లెక్క. కర్ణాటక ప్రభుత్వ బడుల్లో అక్షర ఫౌండేషన్ తెచ్చిన గణిత కలికా ఆందోళన కిట్టు కూడా ఉంది. ముందు చేత్తో పట్టుకోవాలి, తర్వాత బొమ్మగా గీయాలి, చివర అంకెల్లో రాయాలి అన్నది దాని క్రమం. ఈ రెండూ మంచి పనులే. కానీ పార్కును ఒక పూట విహారంగా, కిట్టును తనిఖీ రోజు ప్రదర్శనగా వాడితే వాటికీ బోర్డుకు పట్టిన గతే పడుతుంది.

తెరల మోజు ఎటు తీసుకుపోతుందో తెలియక కాదు. సరిహద్దు దాటితే ఆంధ్రప్రదేశ్. 2022 డిసెంబరులో అక్కడి ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబులు పంచారు. 2024 జులైలో ఆ బెంగళూరు కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. అంతకు చాలా ముందే, కర్ణాటక పల్లె బడుల్లో కంప్యూటర్ పాఠాలను ఏళ్ళ తరబడి నడిపిన అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఆ దారి వదిలేసింది. సాంకేతికత మీద మోజు అసలు సమస్యల నుంచి చూపు మళ్ళిస్తుందని ఆ సంస్థ సారథి అనురాగ్ బెహర్ 2010లోనే పత్రికలో రాశారు. వడోదరలో కంప్యూటర్ ఆటల వల్ల మార్కులు పెరిగాయని కొందరు వాదిస్తారు. పెరిగిన మాట నిజమే. కార్యక్రమం ఆగిన ఏడాదికి అందులో చాలా భాగం కరిగిపోయిందన్న రెండో సగం మాత్రం వాళ్ళు చెప్పరు.

లెక్కలు పిల్లలకు విసుగన్న మాట కోలారు టమోటా మార్కెట్లో ఒక్క ఉదయం కూడా నిలబడదు. 15 కిలోల బాక్సు 230 రూపాయలకు పాడితే 47 బాక్సులకు ఎంత? రైతు వెంట వచ్చిన పిల్లవాడు 50 బాక్సులకు 11,500 అనుకుంటాడు, మూడు బాక్సుల 690 తీసేస్తాడు, 10,810 అంటాడు. వాడే బడిలో 47 × 230 అని కనిపిస్తే తడబడతాడు. కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం చేసిన పరిశోధన 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. అందులోనూ తేలింది ఇదే: బజారు లెక్క బడికి రాదు, బడి లెక్క బజారుకు పోదు. మధ్యలో వంతెన వేయాల్సింది టీచరు. ఆ పిల్లవాడు మార్కెట్లో ఏం చేశాడో అడగకుండా ఏ యానిమేషనూ ఆ వంతెన వేయలేదు.

రుణ సంఖ్యల పాఠం మరీ బాధ కలిగిస్తుంది. తెర మీద ఏదో నగరంలోని లిఫ్టు బొమ్మ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. కేజీఎఫ్ బడుల్లో ఆ పాఠం వింటున్నది గని కార్మికుల మనవలు. కేజీఎఫ్ సముద్ర మట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి ఛాంపియన్ రీఫ్ గని లోతు సుమారు 3,200 మీటర్లు. అంటే గని అడుగు సముద్ర మట్టానికి 2,350 మీటర్ల కింద ఉంది. తాతలు ప్రాణాలు అరచేత పెట్టుకుని దిగిన ఆ లెక్క మనవలకు చెప్పరు. గనులు 2001లో మూతపడ్డాయి గానీ ఊళ్ళో షాఫ్టులు ఇంకా నిలబడే ఉన్నాయి.

భాష సంగతి వేరే ఉంది. శ్రీనివాసపురం, ముళబాగిలు పల్లెల్లో ఎందరో పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం లేదా ఇంగ్లీషు. రాత లెక్కలో ఏమడిగారో అర్థంకాక ఆగిన పిల్లను చూసి, ఇంటి మాటలో ఒక్క వాక్యం చెప్పగలిగింది ఆ ఊరు తెలిసిన టీచరే.

ఆ టీచరుకు తీరిక లేకుండా చేసిన ప్రభుత్వానికి సరదా గురించి మాట్లాడే హక్కు లేదు. 2025లో సామాజిక, విద్యా సర్వే కోసం కర్ణాటక ప్రభుత్వం టీచర్లను ఇంటింటికీ తిప్పింది. అది తెమలక దసరా సెలవులను అక్టోబరు 18 దాకా పొడిగించింది. భోజనం లెక్కలు, గుడ్ల లెక్కలు, ఫొటోల అప్‌లోడ్‌లు ఏడాది పొడుగునా ఉండనే ఉన్నాయి. నోటుబుక్కులు దిద్దే గంట ఎక్కడ మిగులుతుంది?

వారంలో ఒక పీరియడు పాఠం ఆపి, తప్పులు చూడటానికే కేటాయించాలి. పిల్లలు తమ తప్పును తమ నోటితో వివరించాలి. దాన్ని ఏ రూపంలో నడపాలన్నది ఒక్కో బడి తన వీలును బట్టి తేల్చుకోవచ్చు. దాతలకు విన్నపం ఒక్కటే: ఈ జిల్లా బడికి మరో బోర్డు కొనిచ్చే ముందు, ఆ డబ్బుతో అక్కడ ఒక లెక్కల అతిథి టీచరుకు ఏడాది జీతం ఇవ్వండి.