పదమూడు తులాల బాటసారి

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం వెళ్ళి, చెట్లమీద గూళ్ళు కట్టుకున్న ఎర్రకాళ్ళ కొంగలనూ, గూడబాతులనూ చూపించి యివి యెక్కడివని అడగండి. "సైబీరియా నుంచి వస్తాయండీ" అంటారు. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా వాటిని చూసుకునేవాళ్ళ మాట కాదనబుద్ధి కాదుగాని, ఆ రెండు జాతులూ మన ఉపఖండంలో పుట్టి, యీ చుట్టుపక్కలనే తిరిగేవని పక్షిశాస్త్రజ్ఞులు చెబుతారు.

నిజంగా సైబీరియా నుంచి మన దేశానికి వచ్చే చుట్టం వొకటుంది. దాని పేరు అమూర్ డేగ. బరువు 150 గ్రాములు. అంటే పాతలెక్కన పదమూడు తులాలు! సైబీరియా తూర్పుభాగంలో, ఉత్తర చైనాలో పిల్లల్ని చేసి, చలి ముదిరేవేళకు దక్షిణాఫ్రికాకు బయలుదేరుతుంది. రానూపోనూ యేడాదికి 20,000 కిలోమీటర్లు పైమాటే. దారిలో అరేబియా సముద్రం దాటాలి. కాలు మోపడానికి చోటుండదు గనుక ముందుగా కడుపునిండా తినాలి. అందుకని అక్టోబరు, నవంబరు నెలల్లో నాగాలాండ్, మణిపూర్ కొండల్లో మజిలీ చేస్తుంది. ఆ రోజుల్లో అక్కడ పుట్టలనుంచి ఉసిళ్ళు లేస్తాయి. అదీ దాని విందు.

నాగాలాండ్‌లో వోఖా జిల్లాలో దోయాంగ్ నదికి ఆనకట్ట కట్టాక, ఆ జలాశయం వొడ్డున డేగలు లక్షల సంఖ్యలో వాలసాగాయి. ఆ నీళ్ళకింద చుట్టుపక్కల వూళ్ళవాళ్ళ పొలాలు మునిగాయి. పొలాలు పోయినవాళ్ళు వలలు కొని చేపలు పట్టుకున్నారు. అవే వలలను పొడుగాటి గడలకు తగిలిస్తే సందెవేళ వాలే డేగలు చిక్కేవి. 2012లో ఆ వొక్క రుతువులోనే 1,20,000 నుంచి 1,40,000 దాకా చంపి వుంటారని, చూసి వచ్చినవాళ్ళు అంచనా కట్టారు. ఈకలు పీకి, పొగబెట్టి, కట్టలుకట్టి అమ్మారు. ఆ ఫోటోలు ప్రపంచమంతా చూసింది.

మనం యిక్కడ కూర్చుని "అయ్యో, యెంత కిరాతకం!" అనడం సులభమే. ఆ డబ్బుతో పిల్లల బడిజీతాలు కట్టినవాళ్ళున్నారు. వద్దని చెప్పవలసింది వాళ్ళకే. చెప్పడానికి కావలసిన మొహం మాత్రం మనకెక్కడిది?

చెప్పినవాళ్ళు ఆ ప్రాంతంవాళ్ళే. పత్రికారచయిత్రి బానో హరాలూ, ఆమె స్నేహితులూ వూరూరా తిరిగారు. పిల్లలకు పాఠాలు పెట్టారు. చర్చిల్లో పాదుర్లు చెప్పారు. పాంగ్తీ మొదలైన వూళ్ళ పెద్దలు కూర్చుని, డేగను పడితే జరిమానా అని కట్టుబాటు చేశారు. 2013లో దోయాంగ్ వొడ్డున వల లేవలేదు. పోలీసులు చేయగల పని కాదిది.

ఆ నవంబరులోనే మన వన్యప్రాణి సంస్థవారూ, హంగేరీ శాస్త్రజ్ఞులూ, వలసజీవుల అంతర్జాతీయ ఒడంబడిక వారూ కలిసి మూడు డేగల వీపున చిన్న యంత్రాలు కట్టి వదిలారు. ఈ ఒడంబడిక 1979లో బాన్ నగరంలో కుదిరింది. మన దేశం 1983లో చేరింది. డేగలకు నాగా, పాంగ్తీ, వోఖా అని పేర్లు పెట్టారు. వేటాడిన వూరి పేరే పక్షికి పెట్టడం యెవరి ఆలోచనోగాని మెచ్చుకోవాలి. మన వూరి పేరు మోసుకుని సముద్రం దాటేదాన్ని మళ్ళీ యెవరు కొడతారు?

ఒడంబడిక వుంటే చాలదని చెప్పడానికి తెల్లని సైబీరియా కొంగ కథ వొకటుంది. భరత్‌పూర్‌కు చలికాలం వచ్చేది. దాని కోసం 1993లో ప్రత్యేకంగా ఒప్పందం రాసుకున్నారు. కాని దాని దారి అఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్‌ల మీదుగా, దారిపొడుగునా తుపాకులే. 2002 తరువాత భరత్‌పూర్‌లో దాన్ని చూసినవాళ్ళు లేరు. మన చెరువులో యెంత భద్రంగా దాచినా, పై వూళ్ళో వేటగాడికి ఆ కాగితం సంగతి తెలియదు కదా!

డేగ విషయంలోనూ అంతా సవ్యంగా జరగలేదు. 2018 నవంబరులో మణిపూర్‌లోని తమెంగ్‌లాంగ్ జిల్లాలో రెండిటికి యంత్రాలు కట్టారు. "మణిపూర్" అని పేరు పెట్టినదాన్ని కొద్ది రోజులకే యెవరో తుపాకితో కొట్టేశారు. మరుసటి యేడు అక్కడే మళ్ళీ అయిదింటికి కట్టారు. వాటిలో వొకదానికి అక్కడి వూరి పేరే, చియులోన్ అని పెట్టారు. అది ఆఫ్రికాకు పోయి, అక్కడినుంచి ఉత్తరాదికి మళ్ళి, 2020 అక్టోబరు నెలాఖరుకు తిరిగి తమెంగ్‌లాంగ్ కొండల్లో దిగింది.