మొగమాటములేని మాట



చిలకలపూడి గిల్టునగ కొనునపుడు మనము కోరునదేమి? ఆ మెఱుగు ఎన్నాళ్లు నిలుచునో నిజము చెప్పువారొకరు ప్రక్కన నుండవలెననియే గదా. అట్టివారు అంగడివానివద్ద రూపాయి పుచ్చుకొనిరని తెలిసినచో వారి మాట మఱి చెల్లదు. పుచ్చుకొననివారు గతించినచో ఊరికే లోటు. వీడియో ఆటల లోకములో నట్టి లోటు 2018వ సంవత్సరము మే 24వ తేదీన గలిగినది. ‘టోటల్‌బిస్కట్’ అను పేర ప్రసిద్ధుడైన వ్యాఖ్యాత జాన్ బెయిన్ ఆనాడు 33 ఏండ్ల ప్రాయముననే పెద్దప్రేవు క్యాన్సరుచే మరణించెను.

బెయిన్ ఇంగ్లండు దేశస్థుడు, న్యాయశాస్త్రము చదివినవాడు, తరువాత అమెరికాలో కాపురముండెను. మొదట ఆటగాండ్రకై ఇంటర్నెట్టు రేడియోలో మాటలాడి, పిమ్మట యూట్యూబులో క్రొత్త ఆటలను తానే ఆడి చూపుచు గుణదోషములు చెప్పుచుండెను. 20 లక్షలమందికి పైగా ఆయనను అనుసరించిరి. ఆటలోని వింతలు చూపుటకు ముందు దాని అమరికల పట్టిక తెఱచి, సామాన్యుని కంప్యూటరుపై నది సాఫీగా నడచునా, బొమ్మ తడబడునా యని పరీక్షించెడివాడు. ఇల్లాలు బియ్యపు బస్తాలో చేయి లోపలికంట పోనిచ్చి గుప్పెడు తీసి చూచుట వంటిదే యీ పరీక్ష.

ఆట విడుదల కాకమునుపే సొమ్ము కట్టవద్దని ఆయన హెచ్చరించెడివాడు. కంపెనీవారు డబ్బిచ్చి చేయించిన వీడియో యైనచో ఆ సంగతి చూపరులకు స్పష్టముగా తెలుపవలెనని వాదించెను. 2013లో ‘డే వన్: గ్యారీస్ ఇన్సిడెంట్’ అను ఆట బాగులేదని యాయన చెప్పగా, దానిని తయారుచేసినవారు కాపీరైటు మిషపై ఆ వీడియోను యూట్యూబునుండి తీసివేయించిరి. ఆయన ఊరకుండక జరిగినదంతయు బయటపెట్టెను. ఆటగాండ్రు మండిపడగా వారు తమ ఫిర్యాదును వెనుకకు తీసికొనిరి. ఆయన మాట కటువు; వివాదములు లేకపోలేదు. అయినను అది అమ్ముడుపోయిన మాట కాదను నమ్మకము వేలమందికి చెడలేదు.

2014లో వ్యాధి బయటపడెను. 2015లో కాలేయమునకు ప్రాకినదని తెలిసెను. ఆ సంగతియు దాచక చెప్పి, చికిత్స పొందుచునే పని సాగించెను.

నమ్మిన గొంతు మూగవోవుట మన సీమకు క్రొత్త గాదు. దివి తాలూకా ముట్నూరున బుట్టిన కృష్ణారావు పంతులుగారు 1907 మొదలు బందరులో కృష్ణాపత్రికకు సంపాదకులై, 1945లో గతించిరి. అట్టి పెద్దలను కన్నులార చూడని పాఠకులు సైతము వ్రాతనుబట్టియే వారిని ఆప్తులుగా నెంచుట కలదు.

కనుక గుడివాడలోనో, అవనిగడ్డలోనో మన బిడ్డ తానెన్నడును చూడని వ్యాఖ్యాత మరణమునకు కంటనీరు పెట్టుకొనినచో, “వాడు నీకేమి చుట్టము?” అని నవ్వకుడు. ప్రక్కన కూర్చుండి, “ఆయనను ఏల నమ్మితివి, నాయనా?” అని యడుగుడు. బిడ్డ మంచిచెడ్డలను దేనితో కొలుచుచున్నాడో ఆ జవాబులో తెలియును. పిమ్మట, “ఈ మాట చెప్పుటకు ఎవరైనను డబ్బిచ్చిరా?” అను రెండవ ప్రశ్నయు నేర్పుడు. ఫోను తెఱచిన చాలు, చీరలను, నగలను, మందులను పొగడు గొంతులు నేడు మన చెవులలోనే మ్రోగుచున్నవి. ఆ ప్రశ్న బిడ్డకన్న ముందు మనకు కావలసియున్నది.