చక్రం వెనక ఉన్న అంకె కూడా చూడండి

పుదుచ్చేరి రవాణా శాఖ కమిషనర్ గారికి, యానాం కార్యాలయ అధికారులకు,



యానాం విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు. ఇక్కడ పీవై 04 నంబరు పడిన కారు నాలుగో గేరులోకి వచ్చేసరికే ఆంధ్రప్రదేశ్‌లో ఉంటుంది. ఒకవైపు కాకినాడ, గౌతమి మీద బాలయోగి వారధి దాటితే కోనసీమ. 216వ జాతీయ రహదారి మీద ఆ బండి పక్కన నడిచేవన్నీ వేరే రాష్ట్రం బండ్లే. పుదుచ్చేరి నంబరున్న ఖరీదైన కార్ల మీద 2017లో కేరళలో పెద్ద రగడే జరిగింది. ఆ చర్చంతా పన్ను చుట్టూ తిరిగింది. ఈ లేఖ పన్ను గురించి కాదు, ఆ కార్ల చక్రాల గురించి.

స్పోర్ట్స్ కారు కొన్నవారు ముందుగా మార్చేది అల్లాయ్ చక్రాలనే. షోకు కోసం కొందరు, మలుపుల్లో పట్టు కోసం కొందరు. ఈ మోజును తప్పు పట్టాల్సిన పని లేదు. సరిగ్గా ఎంచుకున్న చక్రం బండిని నిజంగానే మెరుగుపరుస్తుంది. చిక్కంతా ఎంపికలోనే ఉంది. కొనేవారు చూసేది రెండే అంకెలు: రిమ్ము ఎన్ని అంగుళాలు, టైరు ఎంత వెడల్పు. మూడో అంకె రిమ్ము వెనక వైపు చిన్న అక్షరాల్లో పోతపోసి ఉంటుంది. ఈటీ 45, ఈటీ 35 అని. అదే ఆఫ్‌సెట్. రిమ్ము వెడల్పుకు సరిగ్గా మధ్యన గీత గీస్తే, ఆ గీత నుంచి హబ్బుకు ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో ఈ అంకె చెబుతుంది. అంకె తగ్గిన కొద్దీ చక్రం బయటికి జరుగుతుంది, పెరిగిన కొద్దీ లోపలికి వెళుతుంది.

ఒక లెక్క చూడండి. కంపెనీ నుంచి 17 అంగుళాల, 7.5 జే (అంగుళాల) వెడల్పు, ఈటీ 45 రిమ్ముతో, 225/45 టైరుతో వచ్చిన కారు ఉందనుకుందాం. యజమాని 18 అంగుళాల, 8.5 జే, ఈటీ 35 రిమ్ము వేసి దానికి 225/40 టైరు తొడిగించాడు. టైరు మొత్తం ఎత్తు 634.3 మిల్లీమీటర్ల నుంచి 637.2కు పెరిగింది. తేడా అర శాతం కూడా లేదు, స్పీడోమీటరు దాదాపు నిజమే చెబుతుంది. 8.5 జే రిమ్ముకు ఆ టైరు ప్రమాణాల ప్రకారం సరిపోతుంది కూడా. కాగితం మీద వంక పెట్టడానికి ఏమీ లేదు. కానీ రిమ్ము బయటి అంచు 22.7 మిల్లీమీటర్లు ముందుకొచ్చింది! అందులో 12.7 పెరిగిన వెడల్పు వల్ల, తక్కిన 10 తగ్గిన ఆఫ్‌సెట్ వల్ల. లోపలి అంచు సస్పెన్షన్ వైపు జరిగింది 2.7 మాత్రమే. ఖాళీ కారును షాపు ముందు నిలబెట్టి చూస్తే అందంగానే ఉంటుంది. వెనక సీట్లో ముగ్గురు కూర్చుని, డిక్కీ నిండా సామాను ఉండి, స్పీడ్ బ్రేకరు మీద స్ప్రింగు అణిగినప్పుడు టైరు మడ్‌గార్డు అంచుకు రాసుకుంటుంది. రాపిడి పడేది సైడ్‌వాల్ మీద. టైరులో అన్నిటికన్నా పలచనైన చోటు అదే.

కంటికి కనిపించని నష్టం ఇంకోటుంది. నీళ్ల బకెట్టును ఒంటికి దగ్గరగా పట్టుకోవడానికీ, చెయ్యి చాచి పట్టుకోవడానికీ ఉన్న తేడాయే వీల్ బేరింగుకూ వర్తిస్తుంది. చక్రం మధ్యగీత బయటికి జరిగిన ప్రతి మిల్లీమీటరూ బేరింగు మీద అదనపు ఒత్తిడి. బ్రేకు సంగతి అంతకన్నా ముఖ్యం. స్టీరింగు తిరిగే ఇరుసును నేల దాకా పొడిగిస్తే అది తాకే చోటుకూ టైరు మధ్యకూ ఉండే దూరాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. 1972లో వచ్చిన ఆడి 80లో ఇంజనీర్లు ఈ కొలతను ప్రత్యేకంగా కుదిర్చారు. ఒక పక్క చక్రాలు తడి మీద, రెండో పక్కవి పొడి నేల మీద ఉండగా బ్రేకు వేసినా కారు పక్కకు లాగకూడదని ఆ జాగ్రత్త. గోదావరి డెల్టాలో వానాకాలం రోడ్డు అంచున నీళ్లు నిలిచి, మధ్యలో తారు ఆరిపోయి ఉండటం రోజూ చూసేదే. చక్రాన్ని బయటికి జరపడానికి హబ్బుకూ రిమ్ముకూ మధ్య 20 మిల్లీమీటర్ల స్పేసర్ బిళ్ల బిగించిన యజమాని ఆ ఇంజనీర్ల లెక్కను తెలియకుండానే చెరిపేస్తున్నాడు.

ముందు, వెనక చక్రాల పొందిక కూడా ముఖ్యమే. పోర్షే 911 కరేరాకు ముందు చక్రాలు 19 అంగుళాలు, 235/40. వెనకవి 20 అంగుళాలు, 295/35. నాలుగూ ఒకటే సైజు ఎందుకు కావంటే, ఇంజను వెనక ఉండి ఎక్కువ బరువు అటు పడుతుంది కాబట్టి. అలాంటి కారుకు ఒక జతే మార్చినా తయారీదారు కుదిర్చిన నిష్పత్తి చెదురుతుంది.

ఇక చిన్నవిగా కనిపించేవి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్ల హబ్బు 57.1 మిల్లీమీటర్లు. బజారు రిమ్ముల రంధ్రం చాలాసార్లు అంతకన్నా పెద్దది. మధ్యలో రింగు వేయకపోతే రిమ్ము సరిగ్గా మధ్యకు కూర్చోదు, వేగం అందుకోగానే స్టీరింగు వణుకుతుంది. ఆ కంపెనీల బోల్టు తల కింద గుండ్రంగా ఉంటుంది, బయటి రిమ్ములకు ఎక్కువగా శంకువు ఆకారం కావాలి. పాత బోల్టులే బిగిస్తే పైకి బిగువుగానే తెలుస్తుంది, లోపల ఆనేది సన్నటి అంచు మీద మాత్రమే.

చట్టం ఏమంటోంది? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే వీలుంది. మాహేకు పక్కనే ఉన్న కన్నూరులో 2021 ఆగస్టులో ఇద్దరు యూట్యూబర్ల వ్యానును అక్కడి మోటారు వాహనాల శాఖ మార్పుల కారణంగానే స్వాధీనం చేసుకుంది. కఠినంగా ఉండటం అవసరమే. అయితే ఏది ఒప్పో చెప్పకుండా తప్పుకు మాత్రమే శిక్ష వేస్తే, భయపడేది జాగ్రత్తపరుడే. అదే మోడలు పైవేరియంట్‌కు కంపెనీయే ఇచ్చే 17 అంగుళాల చక్రాన్ని కింది వేరియంట్‌కు వేసుకున్నవాడినీ, మడ్‌గార్డు దాటి రెండు వేళ్లు బయటికొచ్చే చక్రం వేసినవాడినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

జర్మనీలో బయటి రిమ్ము మీద అక్కడి మోటారు రవాణా సంస్థ కేబీఏ ఇచ్చిన నంబరు పోతపోసి ఉంటుంది. దానితో వచ్చే పత్రంలో ఆ రిమ్ము ఏయే మోడళ్లకు, ఏ టైరుతో, ఏ షరతులతో సరిపోతుందో రాసి ఉంటుంది. జపాన్‌లో రిమ్ముకు అల్లాయ్ చక్రాల ప్రమాణాన్ని సూచించే జేడబ్ల్యూఎల్ ముద్ర చూస్తారు. ఇదంతా యజమాని డబ్బు పెట్టకముందే తెలిసిపోతుంది.

శాఖను కోరేది ఇదే. ఒక్కో మోడలుకు తయారీదారు ఆమోదించిన రిమ్ము వ్యాసం, వెడల్పు, ఆఫ్‌సెట్, టైరు సైజు, లోడు సూచిక, వీటన్నిటినీ కంపెనీల నుంచే తెప్పించి, యానాం కార్యాలయం గోడ మీద తెలుగులో ఒక పట్టిక అంటించండి. తనిఖీకి వచ్చిన కారును బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు చూసేటప్పుడు, చక్రాలు మారినట్లు అనిపిస్తే ఒక చక్రం విప్పించి వెనక అంకె చదివి నమోదు చేయించండి. సొంత కారు ఆర్‌సీ కార్డు మీద ఆఫ్‌సెట్ కనిపించదు కాబట్టి విడిగా ఒక కాగితం చాలు. దాన్ని చూపిస్తే కాకినాడలోనో అమలాపురంలోనో ఆపిన పోలీసుకు కూడా సమాధానం దొరుకుతుంది. స్పేసర్లను మాత్రం పట్టికలో చేర్చవద్దు, కనిపిస్తే అక్కడికక్కడే తీయించండి. పుదుచ్చేరి, కారైకాల్, మాహేల కన్నా ముందు ఈ పని యానాంలో మొదలుపెట్టడం సులువు. బండ్లు తక్కువ, ఊరు చిన్నది, వచ్చే వానాకాలానికి ఇంకా సమయం ఉంది.