ఎంత ఎత్తు అని కాదు... ఎన్ని రోజుల్లో అని అడగండి!

మే నెల మధ్యాహ్నం అనంతపురం క్లాక్ టవర్ దగ్గర కాసేపు నిలబడండి. చెప్పుల కింద తారు మెత్తబడిన సంగతి తెలుస్తుంది. అలాంటి రోజుల్లో సెల్‌ఫోన్‌లో మంచుకొండల ఫొటోలు కనిపిస్తే ఎవరికి మాత్రం వెళ్లాలనిపించదు? ఇదివరకు వేసవి ప్రయాణమంటే ఊటీ, కొడైకెనాల్. ఇప్పుడు మన కుర్రాళ్లు మనాలి వెళ్లి రోహ్‌తాంగ్ మంచు మీద అద్దె స్కీలు కట్టుకుంటున్నారు. ఇంకొందరు రష్యాలోని ఎల్‌బ్రస్ దాకా పోతున్నారు. సంతోషమే. అయితే ఈ సరదా గురించి ఒక డాక్టరుగా నాకో అభిప్రాయం ఉంది. కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెప్పాల్సిందే.

కిందటి వేసవిలో ధర్మవరం దగ్గరి కుర్రాడొకడు నా దగ్గరికి వచ్చాడు. బెంగళూరులో ఉద్యోగం. శుక్రవారం సాయంత్రం విమానంలో ఢిల్లీ, అక్కడి నుంచి రాత్రంతా బస్సులో మనాలి, ఆ మర్నాడు పొద్దున్నే కారులో మంచు దగ్గరికి. అక్కడికి చేరిన రెండు గంటల్లో తలనొప్పి, వాంతులు. బస్సులో తిన్నది పడలేదనుకుని గ్యాస్ మాత్ర వేసుకుని స్కీయింగ్ చేశాడు. ఫొటోల కోసం కళ్లద్దాలు తీసేశాడు. ఆ రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మంట, చుక్క నిద్ర లేదు. నా దగ్గరికి వచ్చేసరికి ముఖం పొరలు పొరలుగా ఊడుతోంది.

‘సార్, అనంతపురం ఎండలో పుట్టి పెరిగినోణ్ణి. చలికొండ మీది ఎండ నన్నేం చేస్తాదిలే అనుకున్యా’ అన్నాడు.

అతను అదృష్టవంతుడు. సాయంత్రానికల్లా కిందికి దిగాడు కాబట్టి బతికి బయటపడ్డాడు. ఆ రాత్రి పైనే పడుకుని ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. అతని మాటలోని ధీమా మాత్రం నన్ను వదలలేదు. ఎండను తట్టుకునే ఒంటికి ఎత్తు ఒక లెక్కా అనే ధీమా మనలో చాలామందికి ఉంది.

వేసవిలో స్కీయింగ్ అంటేనే ఎత్తు

చలికాలంలో స్కీయింగ్‌కు గుల్‌మార్గ్, ఔలీ లాంటి చోట్లు ఉన్నాయి. రెండున్నర, మూడు వేల మీటర్ల దగ్గరే మంచు దొరుకుతుంది. ఎండాకాలం వచ్చేసరికి ఆ మంచు కరిగిపోతుంది. మిగిలేది ఇంకా పైన, కనుమల్లో, హిమానీనదాల మీద. అంటే వేసవిలో స్కీ చేయాలనుకున్నవారు మంచు కోసం పైకి పోక తప్పదు. రోహ్‌తాంగ్ కనుమ ఎత్తు 3,978 మీటర్లు. ఎల్‌బ్రస్ శిఖరం 5,642 మీటర్లు. మన అనంతపురం 335 మీటర్లు.

పైకి పోయేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం మారదు, గాలి ఒత్తిడే తగ్గుతుంది. దాంతో ఒక్కో శ్వాసకు ఒంటికి అందే ఆక్సిజన్ పడిపోతుంది. మూడున్నర వేల మీటర్ల దగ్గర సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే అందుతుంది. ఐదున్నర వేల దగ్గర సగం.

ఒళ్లు దీనికి అలవాటు పడగలదు, కానీ రోజులు పడుతుంది. ముందు ఊపిరి వేగం పెరుగుతుంది. దానివల్ల రక్తంలో వచ్చే మార్పును మూత్రపిండాలు నెమ్మదిగా సరిచేస్తాయి. ఎర్ర రక్తకణాలు పెరగడానికి వారాలు కావాలి. ఇందులో ఏదీ డబ్బుతో తొందరపెట్టగలిగేది కాదు.

ఈ సంగతి అనంతపురం వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. చలిదేశంలో నాలుగేళ్లు ఉండి వచ్చిన కొడుకును ఏ తండ్రీ మొదటి రోజే వేరుశనగ చేలో మిట్టమధ్యాహ్నం దాకా పని చేయించడు. ‘నాలుగు దినాలు నీడపట్టున ఉండు, ఒళ్లు అలవాటు పడనీ’ అంటాడు. ఎండకు ఒళ్లు అలవాటు పడాలంటే వారం నుంచి రెండు వారాలు పడుతుందని వైద్యమూ చెబుతుంది. ఎండ విషయంలో ఇంత తెలివిగా ఉండే మనం, ఎత్తు విషయంలో ఎందుకు తొందరపడతాం? పైగా ఎండకు అలవాటు పడినంత మాత్రాన ఎత్తుకు అలవాటు పడినట్టు కాదు. ఆ ఓర్పు వేరు, ఈ ఓర్పు వేరు.

యంత్రం ఎక్కించిన ఎత్తు

నా అసలు ఫిర్యాదు ఇక్కడే. ఎక్కే పని కాళ్లు చేస్తే ఒంటికి కాస్తో కూస్తో సమయం దొరుకుతుంది. ఇప్పుడు ఆ పని యంత్రాలు చేస్తున్నాయి. మనాలి నుంచి కారు కొన్ని గంటల్లో రెండు వేల మీటర్ల ఎత్తు తేడాను దాటిస్తుంది. ఎల్‌బ్రస్ మీద తీగబండి 3,800 మీటర్ల పైకి చేరుస్తుంది. అక్కడి నుంచి మంచు మీద నడిచే ట్రాక్టరు లాంటి బండి ఇంకా పైన దించుతుంది. కేదార్‌నాథ్‌కు హెలికాప్టర్‌లో వెళ్లే మన పెద్దవాళ్ల పరిస్థితీ అంతే. నిమిషాల్లో మూడున్నర వేల మీటర్లు దాటేస్తారు.

పేరు తెచ్చుకున్న మనవాళ్లు ఇలా ఎక్కలేదు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ముందు భువనగిరి కొండమీద, ఆ తర్వాత డార్జిలింగ్‌లో, లడఖ్‌లో నెలల తరబడి తయారయ్యారు. పూర్ణ 2022 జూన్‌లో అలాస్కాలోని డెనాలీ ఎక్కింది. ఆ కొండకు దారి సుమారు 2,200 మీటర్ల దగ్గర హిమానీనదం మీద మొదలవుతుంది. ఆరు వేల మీటర్లు దాటిన శిఖరానికి వెళ్లి రావడానికి మామూలుగా రెండు మూడు వారాలు పడుతుంది. సామాను పైకి మోసి, మళ్లీ కిందికి దిగి పడుకుంటారు. ‘పైకి ఎక్కు, కింద పడుకో’ అనేది పర్వతారోహకుల మొదటి పాఠం.

కాబట్టి వార్తల్లో ‘ఇంత ఎత్తు ఎక్కాడు’ అని చదివినప్పుడు, మీరు అడగాల్సిన ప్రశ్న ‘ఎన్ని రోజుల్లో?’ అని.

మూడు ప్రమాదాలు, ఒకటే మందు

తలనొప్పితో పాటు వికారం, నీరసం, తల తిరగడం ఉంటే అది ఎత్తు జబ్బేనని అనుకోండి. గ్యాస్ అనుకోకండి. అక్కడే ఆగిపోవాలి, తగ్గేదాకా పైకి పోకూడదు.

రెండోది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. సాధారణంగా ఎత్తుకు చేరిన రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు వస్తుంది. కూర్చున్నా ఆయాసం తగ్గదు, దగ్గు ఆగదు, పెదవులు నీలంగా మారతాయి. మూడోది మెదడు వాపు. మనిషి తాగినవాడిలా తూలుతాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు. అనుమానం వస్తే మడమకు బొటనవేలు ఆనిస్తూ గీత మీద నడవమనండి. నడవలేకపోతే తెల్లారేదాకా ఆగకండి.

ఈ రెండింటికీ అసలు మందు కిందికి దిగడం. ఆక్సిజన్, మాత్రలు, ఇంజెక్షన్లు దిగేదాకా ప్రాణం నిలబెట్టడానికే. ముందు జాగ్రత్తగా వాడే అసిటజోలమైడ్ మాత్రను డాక్టరును అడిగి, మోతాదు తెలుసుకుని వాడండి. మందుల అలర్జీలు ఉంటే తప్పకుండా చెప్పండి. మాత్ర వేసుకున్నాం కదా అని రోజులు తగ్గించకండి.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఇంకో మాట. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉంది. ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ కిందే తక్కువైతే పైన కష్టం రెట్టింపవుతుంది. వెళ్లడానికి రెండు నెలల ముందే రక్తపరీక్ష చేయించుకుంటే సరిచేసుకునే వ్యవధి ఉంటుంది. బీపీ, షుగర్, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవారు, గర్భిణులు డాక్టరుతో మాట్లాడకుండా బయల్దేరకూడదు.

మంచు మీది ఎండ

మన ఎండ పైనుంచే కొడుతుంది. మంచు మీది ఎండ కింది నుంచీ కొడుతుంది. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ అతినీలలోహిత కిరణాలు సుమారు పది శాతం పెరుగుతాయి. కొత్త మంచు వాటిలో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. అందుకే ముక్కు కింద, గదవ కింద, చెవుల వెనకా చర్మం కాలుతుంది. గాలి చల్లగా ఉండటంతో కాలుతున్న సంగతే తెలియదు.

కళ్లకు జరిగే హాని కొన్ని గంటల తర్వాత బయటపడుతుంది. మామూలు ఫ్యాషన్ కళ్లద్దాలు చాలవు. పక్కల నుంచి కూడా వెలుతురు రాకుండా మూసే, ముదురు మంచు అద్దాలు కావాలి. కళ్లు మండితే నలపకండి. చీకటి గదిలో విశ్రాంతి తీసుకోండి. కాంటాక్ట్ లెన్సులు ఉంటే తీసేయండి. మందుల షాపులో దొరికిన చుక్కలు వేసుకోకుండా కంటి డాక్టరును కలవండి. చాలామందికి రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది.

నెర్రెలు తెలిసినవాళ్లం

ఉరవకొండ, తాడిపత్రి వైపు నల్లరేగడి చేలు ఎండాకాలం నెర్రెలు విచ్చడం మీరు చూసే ఉంటారు. హిమానీనదం కూడా అలాగే నెర్రెలు విచ్చుతుంది. తేడా ఏమిటంటే ఆ నెర్రెల్లో మనిషి నిలువునా మునిగిపోతాడు. పైగా వాటి మీద మంచు కప్పు ఉంటుంది, కంటికి కనబడవు. స్కీలు బరువును పరచి కొంత కాపాడతాయి, అంతే. తాడు కట్టుకోకుండా, దారి తెలిసిన గైడు లేకుండా హిమానీనదం మీద అడుగు పెట్టడం సాహసం కాదు, తెలియనితనం.

వేసవిలో తెల్లవారుజామున ఆ మంచు కప్పు గట్టిగా ఉంటుంది. ఎండ ఎక్కితే మెత్తబడుతుంది, మంచుచరియలూ జారతాయి. అందుకే అక్కడివాళ్లు చీకటితో బయల్దేరి మధ్యాహ్నానికి ముందే దిగిపోతారు. మన రైతు పొద్దు పొడవకముందే మడక కట్టి, ఎండ ముదిరేలోగా ఇల్లు చేరినట్టే.

ఇంత తెలిసినవారినీ కొండ విడిచిపెట్టదు. 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన మన నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్ బాబు 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు కోల్పోయారు. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా మీద మంచుచరియ విరిగిపడి శిక్షణలో ఉన్న ఒక బృందంలో 27 మంది చనిపోయారు. భయపెట్టడానికి కాదు ఇది చెప్పడం. అనుభవజ్ఞులకే అంత ముప్పు ఉన్నచోట మన రెండు రోజుల సెలవు ఏపాటి?

దండ ఎవరికి వేయాలి?

2021 ఫిబ్రవరిలో అనంతపురానికి చెందిన తొమ్మిదేళ్ల బాలిక తండ్రితో కలిసి కిలిమంజారో మీద 5,681 మీటర్ల గిల్మన్స్ పాయింట్ చేరింది. జిల్లా అంతా మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను. ఆ పాప పట్టుదలను తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆ తర్వాత ‘మా వాడికి ఎనిమిదే, మా పాపకు ఏడే, పంపొచ్చా?’ అని అడిగే తల్లిదండ్రులు పెరిగారు. వయసును రికార్డుగా చూడటం మానేద్దాం అని నా మనవి. నేపాల్ 16 ఏళ్లు నిండనివారికి ఎవరెస్ట్ అనుమతి ఇవ్వదు. పిల్లలు తలనొప్పిని దాచుకుంటారు. ఊరంతా ఫ్లెక్సీలు కట్టి పంపినప్పుడు ‘నా వల్ల కాదు నాన్నా’ అనే ధైర్యం పసివాళ్లకు ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ ధైర్యం పెద్దవాళ్లకే ఉండదు. చేబదులు తెచ్చి, చందాలు పోగుచేసి వెళ్లిన పేదింటి కుర్రాడికి శిఖరం దగ్గర వెనక్కి తిరగడం ఎంత కష్టమో ఊహించండి. అందుకే డబ్బిచ్చేవాళ్లు, సన్మానాలు చేసేవాళ్లు ఒక మాట ముందే చెప్పాలి: ‘ఎక్కకపోయినా ఫర్వాలేదు, దిగివస్తే చాలు. దండ అప్పుడూ వేస్తాం.’

టూర్ కంపెనీలను కూడా ఒకటి అడగండి. ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటామో కాగితం మీద రాసివ్వమనండి. మూడు వేల మీటర్లు దాటాక పడక ఎత్తు రాత్రికి 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి విశ్రాంతి రోజు ఉండాలి. ఆ కాగితం ఇవ్వనివాళ్లకు, విశ్రాంతి రోజును దండగ ఖర్చు అనేవాళ్లకు మీ డబ్బు ఇవ్వకండి. కొండమీది నుంచి దించే ఖర్చుకు బీమా ఉందో లేదో కూడా చూసుకోండి.

తయారీకి మాత్రం ఎక్కడికో పోనక్కర్లేదు. గుత్తి కోట ఉంది, పెనుకొండ ఉంది, రాయదుర్గం కొండ ఉంది. మూడు నెలలు వారానికి మూడుసార్లు వీపున బరువుతో ఎక్కండి. దిగేటప్పుడు నెమ్మదిగా దిగండి. స్కీయింగ్‌లో తొడలు అలిసేది దిగుడులోనే. అయితే ఒకటి మరవకండి. కోట ఎక్కితే కాళ్లకు బలం వస్తుందే గానీ, ఎత్తుకు అలవాటు రాదు. దానికి పైన గడిపే రోజులే కావాలి.

ధర్మవరం కుర్రాడు ఈ వేసవిలో మళ్లీ వెళ్తున్నాడు. మొన్న వచ్చి తన ప్రయాణం కాగితం చూపించాడు. రెండు రోజుల ప్రయాణం తొమ్మిది రోజులైంది. ‘ఇన్ని దినాలు సెలవంటే మేనేజరు ఒప్పుకోలేదు సార్, జీతం కోత పెట్టుకుని పోతాండా’ అన్నాడు. నవ్వొచ్చింది. ఆ కాగితంలో మూడో రోజు దగ్గర ‘విశ్రాంతి’ అని రాసుంది. దాని కింద పెన్నుతో గీత గీసి ఇచ్చాను. నేను రాసిన మందుచీటీ అదే.