పక్షి భయమును, మన తొందరయును

పరీక్షలో నెగ్గిన బాలునికో, పుట్టినరోజు వచ్చిన బాలికకో ఒక పంజరమును, అందులో ఒకటి రెండు పక్షులను కొనియిచ్చుట తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతములలోని మన కుటుంబములలో వాడుకయైనది. అంగడివారు వానిని ‘లవ్ బర్డ్స్’ అందురు. నిజమునకు వానిలో పెక్కు ఆస్ట్రేలియా దేశపు బడ్జీలు. 1840లో జాన్ గౌల్డ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు ప్రాణములతో ఇంగ్లండునకు కొనిపోయిన జాతి యిది. అసలైన లవ్ బర్డ్ ఆఫ్రికా ఖండమునకు చెందినది. పేరేదైనను మన యిండ్లలో వాని గతి ఒక్కటే. మొదటి సాయంకాలము ఇరుగుపొరుగు వారందరును వచ్చి చూతురు. పిల్లలు కడ్డీల సందులలో వ్రేళ్లు దూర్తురు. మూడవనాటికి పక్షి చేతిమీదికి రాలేదని చిన్నబుచ్చుకొందురు. నెల తిరుగునప్పటికి పంజరము పెరటి వసారాలో వ్రేలాడుచుండును. ‘ఇది పొగరుబోతు పక్షి, మచ్చిక కాదు’ అని ఇంటిల్లిపాదియు తీర్పు చెప్పివేయుదురు. ఈ తీర్పు అన్యాయమని మా అభిప్రాయము.

ముందుగా ఒక మాట. మేము చెప్పబోవునది రామచిలుకను గూర్చి కాదు. మన దేశపు చిలుకలను పట్టుటయు, అమ్ముటయు, పంజరములో నుంచుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. 2023లో చెన్నైలో ఒక చలనచిత్ర నటుని యింటనుండి రెండు పెద్ద చిలుకలను అటవీశాఖవారు తీసికొనిపోయి రెండున్నర లక్షల రూపాయల జరిమానా విధించిరి. ‘తాతల నాటినుండి మా యింట చిలుక యుండెడిది’ అనువారు కలరు. ఆచారముకొరకే చిలుక కావలెనన్నచో శ్రీవిల్లిపుత్తూరును చూడుడు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో కీర్తించిన గోదాదేవి చేతిలోని చిలుకను అచట దినదినమును పచ్చని ఆకులతో క్రొత్తగా కట్టుదురు. అంతకన్న మంగళకరమైన చిలుక యేది? బడ్జీకిని, కాకటీల్‌కును ఇట్టి చట్టపు చిక్కు లేదు.

ఇక పక్షి భయము సంగతి. బడ్జీ తూకము 30, 40 గ్రాములకు మించదు. అడవిలో దానిని తినవచ్చునవి పెక్కు గలవు, అది తినిబ్రతుకు జంతువొకటియు లేదు. అందుచేతనే దాని కన్నులు తలకు ఇరుప్రక్కల నమర్చబడియున్నవి. వెనుకనుండి వచ్చు డేగ సైతము కానవచ్చును. పంజరము పైతలుపు తీసి మనము ప్రేమతో చేయి దింపినపుడు ఆ పిల్లపక్షికి కనబడునది మన ప్రేమ కాదు, పైనుండి దిగుచున్న గోళ్లు. రెక్కలు దేహమునకు గట్టిగా అదుముకొని, నిటారుగా సన్నబడి నిలిచి, దూరపు మూలకు అంటుకొనిపోవుట భయమునకు గురుతు. ‘ఎంత బుద్ధిగా కదలక కూర్చున్నదో’ అని మనవారు మెచ్చుకొనునది ఈ స్థితినే! ఈకలు వదులు చేసి ముక్కుతో సవరించుకొనుట, ఒంటికాలిపై నిలుచుట, ముక్కును మెల్లగా నూరుకొనుట నెమ్మదికి గురుతులు.

మొదటి మూడు నాలుగు దినములు గింజలును, నీళ్లును మార్చుట తప్ప మరేమియు చేయవలదు. పంజరమును గోడవారగా, మన రొమ్మెత్తున నుంచి, వెనుకప్రక్కను ఒక గుడ్డతో మూయవలెను. నాలుగు దిక్కులు బయలుగా నున్నచోట ఏ పక్షియు నిదురపోదు. గదిలోనికి పోవునపుడు ముందుగా మెల్లగా పలుకరించుచు పోవలెను. క్రొత్తచోట బెదరిన పక్షి కొన్ని గంటలు తినకపోవచ్చును గాని, ఒక దినమెల్ల ముట్టకున్నచో ఉపేక్షింపరాదు. ఇంత చిన్న దేహములో నిలువయుండు బలము స్వల్పము.

అటుపిమ్మట పనికివచ్చునది కొర్ర కంకి. తమిళులు తినై యని పిలుచు ధాన్యమే యిది. వల్లీదేవి మంచెమీద కూర్చుండి ఒడిసెలతో చిలుకలను తోలుచు కావలి కాసినది ఈ చేనికే యని కథ. ఆ వల్లిని సుబ్రహ్మణ్యస్వామి పెండ్లాడిన స్థలముగా చెప్పుకొను కొండక్రింద కాపురముండువారికి దీని రుచి పక్షులకెంత యిష్టమో వేరుగ చెప్పనక్కరలేదు. పొట్టు తీసిన కొర్రబియ్యము గాక గింజలతోనున్న కంకినే తేవలెను. దానిని మొదట కడ్డీల వెలుపల పట్టుకొని కదలక కూర్చుండవలెను. పక్షి వెనుకకు జరిగినచో మన చేయియు వెనుకకు రావలెను. ఈ ఒక్క పని మనవారికి కష్టము! చేయి వెనుదీయుట ఓటమియని తలచి మరింత ముందుకు చాతురు. వద్దన్నచో మనము వినుచున్నామని తెలిసిన పక్షియే మరునాడు ఒక అంగుళము దగ్గరకు వచ్చును. పూటకు పది నిమిషములు, రోజునకు రెండు పూటలు చాలును. కంకిని లోపల పట్టుకొన్నను నిర్భయముగా తినునప్పుడు, చూపుడు వ్రేలిని కాళ్లకు కొంచెము పైగా పొట్టకు ఆనించినచో దానంతటదియే ఎక్కును. ఇందుకు కొన్నింటికి పది దినములు, కొన్నింటికి రెండు మూడు నెలలు పట్టును. నుదుటి చారలు ముక్కువరకు దిగియున్న లేతపక్షులు త్వరగా చేరువగును. కొనునపుడు ఆ చారలను చూచి యెంచుకొనుట మేలు.

త్వరగా మచ్చికయగునని రెక్కలు కత్తిరింపించువారును, కడుపు మాడ్చువారును కలరు. మేము దీనిని గట్టిగా వ్యతిరేకింతుము. రెక్క లేని పక్షి పారిపోలేదు గనుక కరచును. లేదా కరచుటకును భయపడి ఊరకుండును. అట్టిదానిని చూచి మచ్చికయైనదని మురియుట ఎట్లు? గూటినుండి ముందే తీసిన ఈకలు రాని పిల్లలను ‘చేతితో తినిపించినచో మీకే అలవాటగును’ అని అంటగట్టు అంగళ్లును ఉన్నవి. అట్టి పిల్లలను పెంచుట నేర్పరుల పని. గంజి వేడి ఎక్కువైనను, తక్కువైనను, ఊపిరితిత్తులలోనికి పోయినను ప్రాణము దక్కదు.

తెల్లవారుజామున చెన్నై రైలెక్కి రాత్రి తిరిగివచ్చు ఉద్యోగస్థుల యిండ్లు మనలో పెక్కు. అట్టియింట ఒంటరి పక్షిని పెంచరాదు. ఒంటరిది మనకు త్వరగా దగ్గరగుననుట నిజమే, కాని దినమెల్ల దానికి తోడెవరు? జంటయైనచో మచ్చిక ఆలస్యమగును. ఆ ఆలస్యమును ఓర్చుకొనవలసినది మనమే.

పక్షి మాటలాడవలెనను కోరిక అందరికిని కలదు. బడ్జీలలో మగవే ఎక్కువగా పలుకును. తన గుంపులోని వారని నమ్మినవారి గొంతునే అవి అనుకరించును గనుక భయము తీరకమునుపు పాఠములు వ్యర్థము. మన యిండ్లలో అవ్వ తెలుగున పలుకరించును, మనుమలు తమిళమున బదులు చెప్పుదురు. పిల్లలు తెలుగు నేర్వని యింట పక్షికి తెలుగు రావలెనని పట్టుపట్టుట కొంత వింతయే యైనను, అవ్వ చేతి కంకి తిను పక్షి అవ్వ మాటనే పట్టుకొనుట మాత్రము సహజము.

కొను కాలమును గూర్చి. మే నెలలో తిరుత్తణి ఎండ 40 డిగ్రీలు దాటును. నోరు తెరచి రెక్కలు ఎడముగా పట్టుకొన్న పక్షి కోపముతో నున్నదనుకొనరాదు, వేడికి తాళలేకున్నది. వెంటనే చల్లని నీడకు మార్చి నీరుంచవలెను. దీపావళి టపాకాయలకును, తిరుత్తణి వీధులలో ఆడికృత్తిక కావళ్ల మేళములకును పిల్లపక్షి అదరిపోవును. పండుగ దగ్గరపడినచో అది గడచినపిదప కొనుట మంచిది. వంటయింట పంజరము కూడదు. అతిగా కాగిన నాన్‌స్టిక్ పెనము పొగ నిమిషములలో పక్షిని చంపును. సాంబ్రాణి ధూపమునకును, దోమల చుట్టల పొగకును దూరముగా నుంచవలెను.

పక్షి వ్రేలిపై నిలుచుట అలవడినపిదప గదిలో వదలవచ్చును. కిటికీలు మూసి, నిలువుటద్దముపై దుప్పటి కప్పి, పైనున్న ఫాను మీట ఆర్పి, రెక్కలు పూర్తిగా నిలిచినవని కంటితో చూచిన తరువాతనే తలుపు తీయవలెను. తిరిగి పంజరములోనికి పోవుటకు వెంటపడి పట్టవలదు. లోపల ఒక కంకి వ్రేలాడగట్టి, తలుపు తెరచియుంచి, మన పని మనము చూచుకొనుచుండవలెను.