తాతయ్య జాబు: సుగ్గికి పోయిన ఊరు

కోసిగి నుంచి ఉత్తరం రాసిన అబ్బాయికి ఆశీస్సులు.

"తాతయ్యా! మా తరగతిలో సగం బల్లలు ఖాళీ. అమ్మానాన్నలతో అందరూ గుంటూరు సుగ్గికి పోయారు. ఇంతమంది పోతే మా ఊరికి లాభమా, నష్టమా?" అని అడిగావు. ఒక్క మాటలో చెప్పే జవాబు కాదు, నాయనా. మూడు చోట్ల లెక్క చూడాలి.

మొదటి లెక్క మీ ఊరిది. కోసిగి, ఆదోని, మంత్రాలయం ప్రాంతాలలో చాలా పొలాలకు వానే ఆధారం. పంట ఇంటికి చేరితే మళ్ళీ వానలు పడేదాకా పొలంలో పని ఉండదు. కడుపుకు మాత్రం రోజూ తిండి కావాలి. నలభై మంది చేసే పనికి నూరు మంది నిలబడ్డారనుకో, కూలి ఎలా పెరుగుతుంది? అందుకే కొందరు మూట కట్టుకుని బయలుదేరుతారు. వాళ్ళు తెచ్చిన డబ్బుతో అప్పులు తీరతాయి, విత్తనాలు వస్తాయి, మీ ఊరి అంగళ్ళలో బేరాలు సాగుతాయి.

రెండవ లెక్క గుంటూరు సీమది. మిరపకాయలన్నీ ఒక్కసారే పండవు. పండినవాటిని విడతలు విడతలుగా చేత్తో కోయాలి. ఊరూరా చేలన్నీ ఒకే కాలంలో ఎర్రబడితే అక్కడి మనుషులు చాలరు. బయటివారు తక్కువ కూలికి ఒప్పుకుంటే అక్కడి కూలీకి కొంత నష్టమే. కాని కాయ కోతకు అందితే లారీ తోలేవాడికీ, బస్తాలు మోసేవాడికీ, కాటా వేసేవాడికీ పని దొరుకుతుంది.

"అయితే జనం తక్కువైతే మిగిలినవారికి సుఖమే గదా?" అంటావేమో. అలా అనుకోకు. 1871 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లాలో 9 లక్షలకు పైగా జనం ఉన్నారు. 1876-78లో ధాత కరువు వచ్చింది. 1881 నాటికి జనం 7 లక్షలకన్నా తక్కువ! మిగిలినవారు ధనవంతులయ్యారా? లేదు. దున్నే మనిషీ లేడు, లాగే ఎద్దూ లేదు. 1901లో కూడా జనం 1871 నాటి సంఖ్యకు చేరలేదు. మనిషికి నోరు ఒకటే, చేతులు రెండు. ఆ చేతులకు పని ఉన్నదా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఇక మూడవ లెక్క, నీ పక్కన ఖాళీగా ఉన్న బల్లది. కడప సీమలో రాజంపేట, రాయచోటి వైపు నుంచి ఎందరో కువైటు వెళ్ళి పని చేస్తారు. బిడ్డలకు అమ్మానాన్నల మీద బెంగ తప్పదు. అయినా చాలామంది అవ్వ దగ్గర ఉండి బడికి పోతారు. అక్కడినుంచి వచ్చే డబ్బు వాళ్ళ చదువుకు పనికివస్తుంది. సుగ్గికి పోయే బిడ్డ అలా కాదు. వాడు చేనికే పోతాడు. ఈ ఏడు నాలుగు నెలల పాఠాలు పోతాయి, పై ఏడు మరో నాలుగు. చివరకు బడే మానేస్తాడు. పెద్దయ్యాక వాడికీ ఆ సుగ్గే గతి. అమ్మానాన్నలు తెచ్చిన డబ్బులోంచి ఈ నష్టాన్ని ఎవరూ తీసివేయరు. అందుకే కర్నూలు జిల్లాలో ఇలాంటి పిల్లలు ఊళ్ళోనే ఉండి చదువుకొనేందుకు సీజనల్ హాస్టళ్ళు పెట్టారు.

కనుక పెద్దలు పనికోసం పోవడం తప్పు కాదు, నాయనా. పిల్లవాడి చదువు కూడా మూటలో కట్టుకుని పోవడమే నష్టం.

నీవొక పని చెయ్యి. రోజూ పాఠాలు శుభ్రంగా రాసి పెట్టు. నీ స్నేహితుడు తిరిగి రాగానే ఆ పుస్తకం వాడి చేతికివ్వు.

ఇట్లు,
తాతయ్య