ఫ్రేమ్‌వర్క్ తర్వాత, ముందు ఫారం రాయడం నేర్చుకోండి



కొంచెం పెద్ద పోస్టు. ఓపికుంటే పూర్తిగా చదవండి, నచ్చకపోతే కింద తిట్టండి. జవాబిస్తాను.

బీటెక్ అయిపోయి హైదరాబాద్ వచ్చిన మన పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "అన్నా, ఏ ఫ్రేమ్‌వర్క్ నేర్చుకోవాలి?" అమీర్‌పేట ఫ్లెక్సీల మీద ఆ నెల ఏ పేరు పెద్దక్షరాల్లో ఉందో ఆ పేరు వాళ్లే చెప్తారు. హెచ్‌టీఎంఎల్ వచ్చా అంటే "అది రెండ్రోజుల పని కదన్నా" అని నవ్వుతారు. ఆ నవ్వు వాళ్లకి ఈ ఫీల్డు నేర్పింది. నా గొడవంతా దాంతోనే.

ఒక స్కాలర్‌షిప్ ఫారం తీసుకోండి. అందులో ఏముంటుంది? పేరు, తండ్రి పేరు, కుల ధ్రువీకరణ నంబరు, ఆదాయం, బ్యాంకు ఖాతా, కింద ఒక బటన్. ఈ పని చేసే ఫారం ట్యాగులు 1995లో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 2.0లోనే ఉన్నాయి. జావాస్క్రిప్ట్ ఒక్క లైను లేకపోయినా బ్రౌజరే ఆ వివరాలు సర్వర్‌కి పంపిస్తుంది. మరి ఇవాళ ఇలాంటి ఫారాలు తెరిస్తే ఏం కనిపిస్తుంది? తెల్ల స్క్రీన్, మధ్యలో గుండ్రంగా తిరిగే బొమ్మ. పేరు రాసే గడి రావాలంటే ముందు ఎంబీల కొద్దీ స్క్రిప్టు దిగాలి.

లెక్క వేద్దాం. పేజీ బరువు 5 ఎంబీ అనుకోండి. ఆఫీసు వైఫైలో రెప్పపాటు. సెకనుకి 100 కిలోబిట్లు వచ్చే చోట 400 సెకన్లు, అంటే ఆరు నిమిషాలు దాటి. ఈలోపు సెషన్ పోతుంది, ఓటీపీ పాతదైపోతుంది, మళ్లీ మొదట్నుంచి. అదే ఫారాన్ని 50 కేబీలో రాస్తే అదే సిగ్నల్ మీద 4 సెకన్లు. సిగ్నల్ కోసం గుట్టెక్కి నిలబడ్డ అమ్మాయికి ఈ తేడా అంటే ఏంటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఫారం తెరుచుకోకపోతే మండల కేంద్రంలో నెట్ సెంటరుకి పోవాలి. ఆటో చార్జీ, ఒక రోజు కూలి, సెంటరు వాడి ఫీజు. డెవలపర్ మిగుల్చుకున్న రెండు రోజుల పనికి డబ్బు కట్టేది ఆమె.

"టవర్లు వస్తున్నాయి కదా, 5జీ వస్తది, అప్పుడు అన్నీ సర్దుకుంటాయి" అంటారు కొందరు. రానివ్వండి, మంచిదే. కానీ దిగిన స్క్రిప్టుని చదివి, నడపాల్సింది ఫోన్‌లోని ప్రాసెసరు. ఏడెనిమిది వేల ఫోను, సగం మెమొరీ నిండిపోయి ఉంటుంది. ఆకాశం నుంచి ఎంత సిగ్నల్ కురిసినా ఆ ఫోను వేగం పెరగదు.

రియాక్ట్‌ని 2013లో బయటికి వదిలింది ఫేస్‌బుక్. అదే ఫేస్‌బుక్ 2015లో తక్కువ నెట్ ఉన్న దేశాల కోసం ఫేస్‌బుక్ లైట్ అనే చిన్న యాప్ తెచ్చింది. ఆ ఏడాదే తన ఉద్యోగులకి మంగళవారాల్లో ఒక గంటసేపు 2జీ ఎలా ఉంటుందో చూపించే ఏర్పాటు కూడా చేసింది, అదీ ఇష్టమైతేనే. మన ఊళ్లలో ఏడు రోజులూ మంగళవారమే! చెప్పొచ్చేదేంటంటే, బరువు ఒక సమస్య అని వాళ్లకి తెలుసు. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటు 2022లో జేక్వెరీ అనే లైబ్రరీని తీసేసింది. మిగిలింది 32 కేబీ. ఇంతేనా అని నవ్వకండి. పాత ఫోను, బలహీనమైన నెట్ ఉన్నవాళ్లకి దాని వల్ల మేలు జరిగిందని వాళ్లు కొలిచి మరీ రాశారు. డబ్బున్న దేశంలో 32 కేబీ గురించి ఆలోచిస్తున్నారు, మనం ఎంబీలకి ఎంబీలు తెచ్చి పడేస్తున్నాం.

పక్కవాడి కోడు తెచ్చి అతికించడమే ప్రోగ్రామింగ్ అనే అలవాటు ఇంకోటి. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ముక్కని దాని రచయిత ఎన్‌పీఎం నుంచి తీసేస్తే ప్రపంచమంతా పెద్ద పెద్ద ప్రాజెక్టుల బిల్డులు ఆగిపోయాయి. మాట ఎడమ పక్కన ఖాళీలు నింపే పని అది. సొంతంగా రాస్తే పది నిమిషాలు.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల పేరుతో ఉన్న గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. ఒడిశా సరిహద్దున సవరల సోరా సోంపెంగ్ లిపి 2012లోనే వచ్చింది. తెలుగు అక్షరానికి 3 బైట్లు చాలు. ఈ రెండు లిపుల్లో ఒక్కో అక్షరానికి 4 కావాలి. మైఎస్‌క్యూఎల్‌లో చాలాకాలం అందరూ వాడిన యూటీఎఫ్8 అనే సెట్టింగు 3 బైట్ల దగ్గరే ఆగిపోతుంది. అలాంటి డేటాబేస్‌లో మన పేరు మన లిపిలో రాస్తే ఎర్రర్ వస్తుంది, లేదంటే అక్షరాలు తెగిపోతాయి. 4 బైట్లు పట్టే సెట్టింగు 2010 నుంచే ఉంది. జనం దాన్ని ఎప్పుడు పెట్టుకున్నారో తెలుసా? ఎమోజీలు ఇరుక్కున్నప్పుడు. వాటికీ 4 బైట్లే కావాలి. నవ్వే బొమ్మ పుణ్యమా అని గోండి అక్షరానికి చోటు దొరికింది. ఈ డేటాబేస్ మీద కూర్చున్న వాళ్లలో మనవాడు ఒక్కడుంటే ఇది మొదటిరోజే కనిపించేది.

ఉద్యోగ ప్రకటనల్లో రియాక్టే అడుగుతున్నారు, నిజమే. నేర్చుకోండి, జీతం తెచ్చుకోండి, ఇంటికి పంపండి. దానికి నేను అడ్డం పడట్లేదు. కానీ ఇంటర్వ్యూ కోసం నేర్చుకున్నదాన్నే గొప్ప అనుకుని, ఫారం ట్యాగు రాసేవాణ్ని పాతకాలం మనిషి అనొద్దు. మన ఇంటర్ పిల్లల అప్లికేషన్లు, హాస్టల్ అడ్మిషన్లు రేపు రాయబోయేది మీరే కావచ్చు. క్లయింటు కొత్త డిజైన్ అడిగితే "దీని బరువెంత సార్" అని అడిగే నోరు మీకుండాలి. ఆ మాట అడగాలని బెంగళూరులో పుట్టి పెరిగిన మీ టీమ్ లీడ్‌కి తట్టదు, పాపం అతని తప్పు కూడా కాదు.

ఫైనలియర్ ప్రాజెక్టు చేస్తున్నవాళ్లు ఒక పని చేయండి. క్రోమ్‌లో డెవలపర్ టూల్స్ తెరిస్తే నెట్‌వర్క్ అనే ట్యాబ్ ఉంటుంది, అందులో స్పీడు తగ్గించుకోవచ్చు. తగ్గించి మీ పేజీ తెరవండి. తర్వాత ఆ లింకు ఊళ్లో ఉన్న మీ చెల్లికో తమ్ముడికో పంపి వాళ్ల ఫోన్‌లో తెరవమనండి. రెండు చోట్లా ఎన్ని సెకన్లు పట్టిందో, పేజీ ఎన్ని కేబీలుందో కామెంట్లో రాయండి. ఆదివారం కూర్చుని ఒక్కోటి చూస్తాను.